ఐదు సెకన్లు బయటికెళ్ళి రావడం మనవల్ల కాదు

మానవజాతికున్న స్వేచ్ఛలన్నిటిలోకీ పాతది ఒకటుంది. ఎంత పాతదంటే దాన్ని ఏ రాజ్యాంగంలోనూ ప్రత్యేకంగా రాయాలని ఎవరికీ తట్టలేదు. చెప్పులేసుకుని, తలుపు దగ్గరికేసి, ఇంట్లోంచి బయటికి వెళ్ళిపోవడం. ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తావు అని అడిగే హక్కు ఇంట్లోవాళ్ళకు ఉంటే ఉండొచ్చు గానీ, అడిగినంత మాత్రాన ఆగిపోవాలని ఎక్కడా లేదు. అలాంటి హక్కు ఇవాళ ఎన్నో ఇళ్ళలో రద్దయిపోయింది. రద్దు చేసింది ఇంట్లో అందరికంటే ఆఖర్న చేరి, సంపాదనంటూ లేకుండా, అందరికంటే ముందు భోంచేసే, ఒక్క క్షణం కూడా ఒంటరిగా ఉండలేని కుక్క.

ఆ ఇళ్ళలో ఎవరూ కలిసి సినిమాకి వెళ్ళరు, షిఫ్టుల్లో వెళ్తారు. ముందు భార్య చూసొస్తుంది, తర్వాత భర్త బయల్దేరతాడు, మధ్యలో గుమ్మం దగ్గర డ్యూటీ అప్పగించుకునే ఆ అరనిమిషంలో ఆవిడ క్లైమాక్స్ చెప్పకుండా నోరు కట్టేసుకోవడమే ఆ దాంపత్యంలో మిగిలిన అతిపెద్ద త్యాగం. చెత్తబుట్ట బయట పెట్టడానికి ఒకరు, ఆ సమయంలో కుక్కకు కనబడేలా లోపల నిలబడటానికి ఇంకొకరు. ఇద్దరూ కలిసి రమ్మని ఎవరైనా పిలిస్తే "కుక్క ఉంది కదండీ" అంటారు. ఆ మాట విన్నాక అవతలివాళ్ళు ఇంకేమీ అడగరు, కానీ ఫోన్ పెట్టేశాక చాలా అనుకుంటారు.

దీనికి వైద్యులు పెట్టిన పేరు సెపరేషన్ యాంగ్జయిటీ. తనకు బాగా చేరువైన మనిషి కనుమరుగైతే కుక్కను పట్టుకునే గాభరా అన్నమాట. అది అలక అనుకుంటే పొరపాటు, దాదాపు ప్రాణభయం. ఆపకుండా మొరగడం, ఊళ పెట్టడం, ఆ గోడ నుంచి ఈ గోడకు తిరుగుతూనే ఉండటం, చొంగతో మెడ కింద బొచ్చంతా తడిసిపోవడం, ఎన్నడూ ఇల్లు పాడుచేయని కుక్క నట్టింట్లో పాడుచేయడం, గోళ్ళు విరిగేదాకా తలుపు చెక్క గీకడం. 2020లో ఫిన్లాండ్‌లో 13 వేలకు పైగా కుక్కల గురించి వాటి యజమానులను అడిగి తెలుసుకుని ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో వందకు ఐదు కుక్కలకు ఈ బాధ ఉన్నట్టు తేలింది. ఐదే కదా అని చులకన చేయకండి. ఆ ఐదింటి గొంతు మిగతా తొంభై ఐదింటి గొంతు కంటే ఎక్కువ దూరం వినబడుతుంది.

నేను ఈ వ్యాసం బాధితుల పక్షాన రాస్తున్నాను. బాధితులంటే సోఫా యజమానులు. వాళ్ళ వాదన చాలా సూటిగా ఉంటుంది. కుక్క కావాలనే చేస్తోంది, వదిలేసి వెళ్ళామని కక్ష కట్టింది. సాక్ష్యం ఏదయ్యా అంటే, దాని మొహం చూడండి అంటారు. చెవులు వెనక్కి, తోక కాళ్ళ మధ్యకి, చూపు పక్కకి. చేసిన పని తప్పని దానికే తెలుసు, ఇంతకంటే నేరాంగీకారం ఏం కావాలి?

దురదృష్టవశాత్తూ ఈ సాక్ష్యాన్ని అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లోనే చెడగొట్టేశారు. ఆవిడ పెట్టిన పరీక్ష సాదాసీదాది. యజమాని కుక్కకు ఒక తినుబండారం చూపించి, తినొద్దని చెప్పి, గదిలోంచి వెళ్ళిపోతాడు. తిరిగొచ్చాక కుక్క తిన్నదో లేదో ఆయనకు చెబుతారు, కొన్నిసార్లు నిజం, కొన్నిసార్లు అబద్ధం. తిన్నదని వింటే ఆయన తిడతాడు. చివరికి తేలిందేమిటంటే, ఆ 'తప్పు చేసిన మొహం' తిండి తిన్నప్పుడు రావట్లేదు, తిట్లు తిన్నప్పుడు వస్తోంది. పైగా ఏదీ ముట్టుకోకుండా బుద్ధిగా కూర్చుని, ఊరికే తిట్లు పడిన కుక్కల్లో ఆ మొహం ఇంకా బాగా కనబడింది. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకు ఇందులో కొత్తగా తెలుసుకోవాల్సింది ఏమీ లేదనుకోండి.

కక్ష అనే వాదనలో ఇంకో చిక్కు కూడా ఉంది. నిజంగా కక్షే అయితే కుక్క ఎక్కడ కొడితే మనకు తగులుతుందో అక్కడ కొట్టాలి కదా. వైఫై రూటర్ కొరకాలి. పాస్‌పోర్ట్ నమలాలి. అది మాత్రం పోయి పోయి మనం ఏ తలుపులోంచి వెళ్ళామో ఆ తలుపునే గీకుతుంది, ఏ కిటికీలోంచి మనం కనబడకుండా పోయామో ఆ కిటికీ పరదానే చింపుతుంది, లేదంటే మన వాసన బాగా పట్టిన చెప్పో దిండుగలీబో తెచ్చుకుని నములుతుంది. పగ తీర్చుకునేవాళ్ళెవరూ శత్రువు దిండు కౌగిలించుకుని పడుకోరు. అయినా సరే, ఇంటికొచ్చి, చిరిగిన పరదా చేత్తో పట్టుకుని, "ఏంటిది? ఎవరు చేశారిది?" అని విచారణ జరిపే సంప్రదాయాన్ని మనం వదులుకోలేం. గంటల కిందట చేసిన పనికీ ఇప్పటి కేకలకూ సంబంధం ఉందని కుక్కకు తెలియదు, తెలిసిందల్లా మనిషి ఇంటికొస్తే కేకలుంటాయని. దాంతో మనిషి వెళ్తే ఒక భయం, వస్తే ఇంకో భయం. క్రమశిక్షణ నేర్పాం అని మనకో తృప్తి.

ఇక కెమెరా సంగతి. ఈ వ్యవహారంలో మనిషి కొన్న వస్తువుల్లో నిజంగా పనికొచ్చేది అదొక్కటే, దాన్ని కూడా మనం తిన్నగా వాడం. కెమెరా పెట్టి చూస్తే కుక్కకు ఉన్నది గాభరానా, పనిలేకపోవడమా అన్నది తెలుస్తుంది. గాభరా కుక్క మనం వెళ్ళిన కాసేపటికే, చాలాసార్లు మొదటి అరగంటలోపే మొదలుపెడుతుంది, పెట్టి వెళ్ళిన తిండి ముట్టదు. పనిలేని కుక్క అలా కాదు, హాయిగా ఓ కునుకు తీసి, లేచి ఒళ్ళు విరుచుకుని, ఇల్లంతా ఒక రౌండు కొట్టి, నచ్చిన చెప్పు ఎంచుకుని, తోక ఊపుకుంటూ తింటుంది. దానిది నిరుద్యోగ సమస్య, రోజూ బాగా నడిపించి, ఆడించి, నమలడానికి ఏదైనా ఇస్తే చాలావరకు తీరిపోతుంది. ఇంకొన్ని కిటికీలోంచి దారినపోయే ప్రతి ప్రాణికీ హెచ్చరికలు జారీచేసే వాచ్‌మన్ రకం. మరికొన్ని ఇల్లు పాడుచేయడానికి కారణం మనసులో ఉండదు, మూత్రం ఇన్‌ఫెక్షన్ లాంటిది ఒంట్లోనే ఉంటుంది, అది వెటర్నరీ డాక్టర్ చూస్తేనే తెలుస్తుంది.

మనం ఏం చేస్తామంటే, ఆ కెమెరాని ఫోన్లో తెరిచి మీటింగులో టేబుల్ కింద పెట్టుకుని, మూడు నిమిషాలకోసారి చూసుకుంటాం. పడుకుందా? ఎందుకు పడుకుంది, ఒంట్లో బాలేదా? లేచిందా? ఎందుకు లేచింది? ఆ తర్వాత కెమెరాలో ఉన్న స్పీకర్ నొక్కి "బంగారం, నేనిక్కడే ఉన్నా" అంటాం. అప్పటిదాకా కాస్త సర్దుకుని కూర్చున్న కుక్క గోడలోంచి యజమాని గొంతు వినబడేసరికి లేచి, పుస్తకాల అర వెనక, టీవీ వెనక, పరదా వెనక వెతికి, ఎక్కడా దొరక్కపోయేసరికి అప్పుడు మొదలుపెడుతుంది అసలు ఊళ. ఇద్దరిలో రోగం ఎవరికుందో తేల్చమని అడిగితే ఏ డాక్టరైనా కొంచెం టైం తీసుకుంటాడు.

రోగం ఎవరిదైనా సలహాలిచ్చేవాళ్ళకు మాత్రం లోటుండదు. అందరికంటే ముందొచ్చేది పక్కింటి పెద్దాయన. "మంచమెక్కించి గారాబం చేశారు కదండీ, అనుభవించండి" అంటాడు. ఈయన అభిప్రాయాన్ని శాస్త్రవేత్తలు ఎప్పుడో పట్టించుకుని పరీక్షించారు కూడా. 1992లో ఒకసారి, 2001లో ఇంకోసారి వచ్చిన అధ్యయనాల్లో గారాబానికీ ఈ సమస్యకూ సంబంధం కనబడలేదు. మంచం నిర్దోషి. రెండో అధ్యయనంలో ఇంకోటి బయటపడింది. ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరే ఉంటే ఆ కుక్కకు ఈ బాధ వచ్చే అవకాశం రెండున్నర రెట్లు ఎక్కువట. ఒంటరిగా ఉంటున్నవాళ్ళకు నా మనవి ఒకటే, ఈ సంగతి మీ చుట్టాల చెవిన పడకుండా చూసుకోండి. పెళ్ళి చేసుకోమనడానికి ఇన్నాళ్ళూ వాళ్ళ దగ్గర కారణాలే ఉన్నాయి, ఇక గణాంకాలు కూడా దొరుకుతాయి.

తర్వాతి సలహా, తోడుగా ఇంకో కుక్కను తెచ్చుకోవడం. వినడానికి బాగుంటుంది. కానీ మొదటి కుక్క బెంగ ఇంకో కుక్క కోసం పెట్టుకున్నది కాదు, ఒక ఫలానా మనిషి కోసం పెట్టుకున్నది, ఆ మనిషి ఇంట్లో లేకపోతే పక్కన ఎన్ని కుక్కలున్నా చాలాసార్లు ఆ బెంగ అలాగే ఉంటుంది. ఇప్పటిదాకా ఇంట్లోంచి వినబడుతున్న సోలో కాస్తా యుగళగీతమయ్యే అవకాశం మాత్రం పుష్కలంగా ఉంది.

ఇంకొకరు క్రేట్‌లో, అంటే కమ్మీల బోనులో, పెట్టి తాళం వేయమంటారు. చిన్నప్పటి నుంచి దాన్ని తన గదిగా అలవాటు చేసుకున్న కుక్కకు అది బాగానే ఉంటుంది, లోపలికెళ్ళి పడుకుంటుంది. గాభరా పడే కుక్కను అందులోకి తోసి తలుపేస్తే అది పళ్ళు విరిగేదాకా కమ్మీలు కొరుకుతుంది, మూతి చీరుకుపోతుంది, మన సోఫా మాత్రం భద్రంగా ఉంటుంది. ఇక మొరిగితే కరెంటు షాక్ ఇచ్చే బెల్టులున్నాయి, అవి ఇంకా ఘనమైనవి. అరుపు ఆగుతుంది, పక్కింటివాళ్ళు సంతోషిస్తారు, లోపల కుక్క అంతకుముందున్న భయానికి తోడు మెడ దగ్గర ఇంకో కొత్త భయం పెట్టుకుని చప్పుడు లేకుండా వణుకుతుంది. దీన్ని కూడా 'రిజల్ట్ వచ్చింది' అనే అంటారు.

సంగీత వైద్యం మీద నాకు కొంచెం మమకారం ఉంది. 2002లో కుక్కల వసతిగృహంలో చేసిన పరిశోధనలో శాస్త్రీయ పాశ్చాత్య సంగీతం వినిపిస్తే కుక్కలు ఎక్కువసేపు పడుకున్నాయి, హెవీ మెటల్ అనే హోరు సంగీతం పెడితే ఎక్కువ మొరిగాయి. ఈ విషయంలో కుక్కల అభిరుచికీ మా నాన్నగారి అభిరుచికీ తేడా లేదు. 2017లో గ్లాస్గో యూనివర్సిటీ వాళ్ళు ఇంకాస్త ముందుకెళ్ళి సాఫ్ట్ రాక్, రెగె అనే సంగీతాలు కూడా పెట్టి చూస్తే ఆ రెండూ కుక్కలకు నచ్చినట్టే కనబడ్డాయి. అంతా బాగుంది. కాకపోతే ఇంట్లో గాభరా పడుతున్న కుక్క కోరేది పాట మార్చమని కాదు, పాట పెట్టి వెళ్ళిన మనిషిని వెనక్కి పంపమని. లోపల తిండి కూరి ఇచ్చే రబ్బరు బొమ్మల కథా ఇంతే. మామూలు కుక్కకు అది గంటసేపటి కాలక్షేపం. గాభరా ముదిరిన కుక్క దాన్ని కన్నెత్తి చూడదు, మనం ఇంటికొచ్చాక మాత్రం మన కాళ్ళ దగ్గరే కూర్చుని తీరుబడిగా తింటుంది. ఇది చూసి చాలామంది "పాపం, నాకోసం ఆగింది" అని మురిసిపోతారు. ఆగలేదండీ, దానికి అప్పటిదాకా మింగుడు పడలేదు.

కుక్కలు అసలు ఇలా ఎందుకు తయారయ్యాయని కోప్పడేవాళ్ళకు ఒక చిన్న చరిత్ర చెప్పాలి. జర్మనీలోని బాన్-ఓబర్‌కాసెల్ అనే చోట 1914లో ఒక సమాధి బయటపడింది. సుమారు 14 వేల ఏళ్ళ నాటిది. అందులో ఇద్దరు మనుషులు, వాళ్ళతో పాటు ఒక కుక్క. ఆ కుక్క పిల్లగా ఉన్నప్పుడే డిస్టెంపర్ అనే ప్రాణాంతకమైన వైరస్ జబ్బు పడిందని, వారాల తరబడి ఎవరో దగ్గరుండి చూసుకోబట్టే అన్నాళ్ళు బతికిందని దాని పళ్ళ మీది గుర్తులు చూసి తర్వాతి పరిశోధకులు చెప్పారు. అంటే అన్ని వేల ఏళ్ళుగా మనం దగ్గరికి తీసి, మన వెంట ఉండేదాన్నే ఉంచుకుని, ఉండనిదాన్ని తరిమేసి, తరాల తరబడి ఏరి ఏరి తయారుచేసుకున్న జీవి ఇది. 1998లో బుడాపెస్ట్‌లోని పరిశోధకులు పసిపిల్లలకు తల్లి మీదుండే బంధాన్ని కొలిచే పరీక్షనే కొంచెం మార్చి కుక్కలకూ యజమానులకూ పెట్టి చూస్తే, ఆ బంధం తీరు ఇంచుమించు అలాగే కనబడింది. విడిచి ఉండకూడదని మనమే ఆర్డరిచ్చి చేయించుకుని, సరుకు అచ్చంగా అడిగినట్టే వచ్చాక, "ఇదేంటి, విడిచి ఉండట్లేదు?" అని ఫిర్యాదు చేసే ఖాతాదారులం మనం.

ఈ సమస్యకు సంపూర్ణ పరిష్కారం కనుక్కున్నవాడు నాకు తెలిసి ధర్మరాజు ఒక్కడే. స్వర్గానికి రథం గుమ్మం ముందుకొచ్చి నిలబడితే, కుక్కను వదిలి నేను రానన్నాడు. అంతే, సమస్య లేదు. కాకపోతే ఆయనకు అవతల పొద్దున తొమ్మిదిన్నరకు లాగిన్ అవ్వాల్సిన పని లేదు.

మనకు ఉంది. 2020లో మాత్రం కొన్నాళ్ళు లేకుండా పోయింది. ప్రపంచమంతా తలుపులేసుకుని ఇళ్ళలో కూర్చున్న ఆ రోజుల్లో, వేల ఏళ్ళుగా సాగిస్తున్న తమ ఉద్యమం ఫలించిందని, మనిషికి బుద్ధొచ్చి బయటికెళ్ళడం మానేశాడని కుక్కలన్నీ అనుకుని ఉంటాయి. ఊసుపోక అప్పుడే కుక్కపిల్లల్ని తెచ్చుకున్నవాళ్ళు కూడా చాలామంది. ఆ పిల్లలు కళ్ళు తెరిచింది మొదలు ఇల్లెప్పుడూ ఖాళీగా చూడలేదు. ఆ తర్వాత ఆఫీసులు తెరిచారు. రోజంతా ఒళ్ళో కూర్చోబెట్టుకుని ల్యాప్‌టాప్ కొట్టిన మనిషి ఒక సోమవారం పొద్దున్నే స్నానం చేసి, సాక్సులేసుకుని, మాయమైపోయాడు, సాయంత్రానికి గానీ రాలేదు. తెచ్చుకున్న రోజు నుంచే కాసేపు పక్కగదిలో, కాసేపు తలుపవతల, కొంచెం కొంచెంగా ఒంటరితనం అలవాటు చేసి ఉంటే ఇది చాలావరకు తప్పేది. కానీ అప్పట్లో మనకే పక్కగది అలవాటు లేదు.

సాక్సుల మాటెత్తాను కాబట్టి రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ గారిని తలుచుకోక తప్పదు. ఆయనకు 1904లో నోబెల్ వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి, కానీ లోకానికి గుర్తున్నది తిండి రాకముందే, తిండి వస్తోందన్న సూచనకే చొంగ కార్చిన కుక్కలు. మనింట్లో పరీక్ష తిరగబడింది. అలారం మోగిన తీరు, స్నానం చేసిన సమయం, అత్తరు వాసన, బ్యాగు జిప్పు, ఆఖరికి తాళంచెవుల చప్పుడు, ఇవన్నీ కుక్క వరసగా గుర్తుపెట్టుకుని, మనం గుమ్మం దాటడానికి అరగంట ముందే ఫలితం ప్రకటించేస్తుంది. కొంతమంది దీన్ని మోసంతో గెలుద్దామని చూస్తారు. బ్యాగు ముందురోజే కార్లో పెట్టడం, బూట్లు చేత్తో పట్టుకుని మునివేళ్ళ మీద నడవడం, బాత్రూంలో నల్లా తిప్పి వంటింటి తలుపులోంచి జారుకోవడం. సొంతింట్లోంచి సొంతదారు దొంగలా పారిపోయే ఈ దృశ్యానికి ఒకే ఒక్క ఫలితం ఉంటుంది. ఆ తర్వాత మీరు నిజంగా బాత్రూంకి వెళ్ళినా కుక్క నమ్మదు, వెంట వస్తుంది.

చేయాల్సింది దీనికి సరిగ్గా ఉల్టా. తాళాలు గలగలలాడించుకుంటూ తీసుకుని, వచ్చి సోఫాలో కూర్చోవాలి. బూట్లేసుకుని గిన్నెలు తోమాలి. బ్యాగు భుజానికి తగిలించుకుని అరగంట టీవీ చూడాలి. ఇలా కొన్నాళ్ళు చేస్తే తాళాల చప్పుడుకు అర్థం లేకుండా పోతుంది. ఇంట్లోవాళ్ళ దృష్టిలో మీకు కూడా కొంచెం పోతుంది, తప్పదు.

ఇక అసలు వైద్యం. చెప్పడానికి నాకే మొహమాటంగా ఉంది, ఎందుకంటే ఇందులో కొనడానికి ఏమీ లేదు. తలుపు తీసి బయటికెళ్ళాలి, కుక్క గాభరా పడేలోపే లోపలికి వచ్చేయాలి. ఐదు సెకన్లు తట్టుకుంటుందనుకుంటే నాలుగు సెకన్లకే రావాలి. వచ్చి హడావుడి చేయకుండా మామూలుగా కూర్చోవాలి, కాసేపాగి మళ్ళీ వెళ్ళాలి, మళ్ళీ రావాలి. కొన్ని కుక్కలు గడియ మీద చెయ్యి వేస్తేనే లేచి నిలబడతాయి, వాటి విషయంలో గుమ్మం దాటడం చాలా దూరపు సంగతి, ముందు గడియ ముట్టుకుని వచ్చి కూర్చోవడమే పాఠం. కుక్కకు భయం పుట్టే గీత ఎక్కడుందో కెమెరాలో చూసుకుని, ఎప్పుడూ ఆ గీతకు ఇవతలే ఉంటూ, గీతను మెల్లగా అవతలికి జరపడమే విద్యంతా. ఆ సెకన్లు కూడా వరసగా పెంచుకుంటూ పోకూడదు. ఇరవై, ఎనిమిది, ముప్పై, ఐదు, పాతిక, ఇలా ఉండాలి, ఎందుకంటే ప్రతిసారీ పెరుగుతూనే ఉంటే ఆ లెక్క కూడా కుక్క పసిగట్టేస్తుంది. లెక్కల్లో అది మనకంటే చురుకు.

ఇక్కడే మానవజాతి చేతులెత్తేస్తుంది. విదేశీ కెమెరా కొంటాం, స్పీకర్ కొంటాం, ట్రైనర్‌ను పెడతాం, కుక్కకు జాతకం చూపించమన్నా చూపిస్తాం, ఐదు సెకన్లు బయటికెళ్ళి రమ్మంటే మాత్రం మన గౌరవం అడ్డొస్తుంది. ఇంటి ముందు బోర్డు మీద పేరు పక్కన రెండు డిగ్రీలున్న పెద్దమనిషి తన తలుపు తనే తీసుకుని బయటికొచ్చి, గోడకేసి నిలబడి పెదాలతో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి, మళ్ళీ లోపలికెళ్ళిపోవడం, నిమిషం తర్వాత మళ్ళీ ప్రత్యక్షమవడం. ఎదురింటివాళ్ళు ఏమనుకుంటారు? కుక్క ఊళకు ఏమీ అనుకోని ఎదురింటివాళ్ళు దీనికి ఏదో అనుకుంటారని భయం. దీన్నేమంటారో తెలియదు గానీ దీనికి మందు లేదు.

గౌరవాన్ని దాటినవాళ్ళను ఆత్రం పట్టుకుంటుంది. సోమవారం పది సెకన్లు, కుక్క చెవి కూడా కదపలేదు. మంగళవారం నిమిషం, ఆవులించింది. బుధవారానికల్లా "ఇక దీనికి అలవాటైపోయింది" అని ప్రకటించి, ఇస్త్రీ బట్టలు తీసి, రిసెప్షన్‌కి మూడు గంటలు వెళ్ళిపోతారు. తిరిగొచ్చేసరికి తలుపు లోపలివైపు కొత్త శిల్పం చెక్కి ఉంటుంది. దాంతో "ఈ పద్ధతి పనిచేయదండీ, మేం ట్రై చేశాం" అని జీవితాంతం అందరికీ చెబుతారు. శిక్షణ నడుస్తున్నన్నాళ్ళూ కుక్కను అది తట్టుకోగలిగిన దానికంటే ఎక్కువసేపు ఒంటరిగా వదలకూడదనేది ఇందులో ముఖ్యమైన షరతు, అందరూ వినీ విననట్టు వదిలేసేదీ అదే. ఆ వారాలు, చాలాసార్లు నెలలు, ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి, లేదా స్నేహితుల దగ్గరో డే కేర్‌లోనో వదలాలి, లేదా వెంట తీసుకెళ్ళాలి. ఇది నిజంగానే కష్టం, ఇందులో నవ్వడానికి ఏమీ లేదు, ఒంటరిగా ఉండి ఉద్యోగం చేసేవాళ్ళకు మరీ కష్టం. ఊరట ఒక్కటే, మొదటి అరగంట, నలభై నిమిషాలు సాధించడానికే ఎక్కువ కాలం పడుతుంది, అది దాటాక అంగలు పెద్దవవుతాయి.

అయితే ఎంత ఓపిగ్గా చేసినా గీత కదలని కుక్కలుంటాయి. వాటికి మందులున్నాయి, మనుషుల డిప్రెషన్‌కు వాడే రకమే. క్లోమిప్రమైన్ అనే మందును అమెరికాలో 1998లో, ఫ్లూఆక్సెటీన్‌ను 2007లో ప్రత్యేకంగా కుక్కల సెపరేషన్ యాంగ్జయిటీ కోసమే అనుమతించారు. రెండూ శిక్షణతో కలిపి వాడాల్సినవి. పని మొదలవడానికి వారాలు పడుతుంది, మూడో రోజుకే "ఏం తేడా లేదండీ" అని ఆపేస్తే తేడా రాదు. వాడాలా, ఎంత వాడాలి, ఎప్పుడు ఆపాలి అన్నది వెటర్నరీ డాక్టర్ చూసుకోవాలి, ఇంట్లో మనుషుల కోసం ఉన్న స్ట్రిప్పులోంచి సగం మాత్ర విరిచి పెట్టే సొంత వైద్యం కుదరదు. ఈ మందుల మాట వినగానే "కుక్కకు డిప్రెషన్ మాత్రలా, కలికాలం" అని నిట్టూర్చేవాళ్ళున్నారు చూశారా, వాళ్ళే నిన్న కరెంటు షాక్ బెల్టు సంగతి విని "మంచిదే, అలవాటవుతుంది" అన్నారు.

ఇంకో సలహా కూడా వస్తుంది, గొంతు తగ్గించి చెబుతారు దీన్ని: "ఎవరికైనా ఇచ్చేయొచ్చు కదా." ఇచ్చేయొచ్చు. మనిషి కనబడకపోతేనే వణికిపోయే ప్రాణికి, ఆ మనిషిని శాశ్వతంగా కనబడకుండా చేయడం అనే చికిత్స. కొత్త ఇంట్లో అది ఇంకా గట్టిగా అరుస్తుంది, వాళ్ళు ఇంకెవరికో ఇస్తారు. చేతులు మారిన కుక్కల్లో ఈ సమస్య ఎక్కువగా కనబడుతుందని డాక్టర్లు ఊరికే అనరు.

ఎంతసేపు బయటుంటే ఎంత స్వాగతం దక్కుతుందో కూడా స్వీడన్‌లో కొలిచారు, 2011లో, ఈ గాభరా లేని మామూలు కుక్కల మీద. అరగంటకు వచ్చిన యజమానికంటే రెండు గంటలకు వచ్చిన యజమానికి ఎక్కువ తోకలూపులు అందాయి. రెండు గంటలకూ నాలుగు గంటలకూ మాత్రం తేడా కనబడలేదు. కాబట్టి స్వాగతం కోసం ఆశపడి ఊరికే బయట తిరిగేవాళ్ళు రెండు గంటల తర్వాత వచ్చేయొచ్చు, ఆపైన ఓవర్‌టైంకి లెక్క లేదు.

ఆఖరుగా ఇరుగుపొరుగుకు ఒక విజ్ఞప్తి. మీ ఎదురింటాయన బూట్లేసుకుని, చేతిలో తాళాలతో, ఏ పనీ లేనట్టు తన గుమ్మం ముందే నిలబడి గోడకేసి చూస్తూ పెదాలు కదుపుతుంటే, ఆయనకు ఇంట్లో గొడవైందనుకోకండి, మతి పోయిందనుకోకండి, ముఖ్యంగా "ఏంటండీ, ఎక్కడికో బయల్దేరినట్టున్నారు" అని పలకరించకండి. ఆయన పద్దెనిమిదో సెకనులో ఉన్నాడు. మీకు జవాబు చెప్పేసరికి నలభై అవుతుంది, లోపల అది లేచి నిలబడుతుంది, ఆయన మళ్ళీ గడియ ముట్టుకోవడం దగ్గర నుంచి మొదలుపెట్టాలి.